ఎడమవైపు సీటు

ఆ ఆదివారం పబ్బులో భోజనం బాగానే ఉంది. కాల్చిన గొడ్డుమాంసం, నేతిలో వేగిన బంగాళాదుంపలు, పైన పోసుకోడానికి పెద్ద జగ్గు నిండా గ్రేవీ. గోడలో పొయ్యి సన్నగా మండుతోంది. బయట నవంబరు చలి. ఇంతా చేసి తినేది ముగ్గురమే: నేను, నా కూతురు టెస్సా, బల్ల కింద పబ్బువాళ్ళ ముసలి కుక్క. మిగతా క్లబ్బంతా పళ్ళాలు చల్లారబెట్టుకుని బయట మా ఆయన కారు చుట్టూ మూగింది.

పాత ఇంగ్లిష్ స్పోర్ట్స్ కార్ల క్లబ్బు మాది. మాది అంటున్నానే గాని, నాకేం సంబంధం లేదు. ఆ కార్ల సంగతి తెలియనివాళ్ళు అదృష్టవంతులు. రెండే సీట్లు. కప్పు పేరుకి ఒక గుడ్డ. వాన పడితే నీళ్ళన్నీ ఒళ్ళోకే. వాటి కోసం మగవాళ్ళు ఉన్నదంతా ఊడ్చిపెడతారు, దొరక్కపోతే ఏడుస్తారు, దొరికితే ఇంకా ఏడుస్తారు. వెర్రి వేయి విధాలని ఊరికే అనలేదు.

మా ఆయన డెస్మండ్‌కి ఈ వెర్రి పెళ్ళికి ముందు నుంచే ఉంది. పళ్ళ డాక్టరుగా చేసి రిటైరయ్యాడు. డెర్బీషైర్ కొండల్లో సగం మంది నోళ్ళలో కట్టుడు పళ్ళు పెట్టింది ఈయనే. కానీ కారుకి మాత్రం ఒక్క కొత్త స్క్రూ పెట్టినా మహాపాపం. ఏ భాగమైనా ఆ కాలంలో, ఆ ఫ్యాక్టరీలో, ఆ కారు కోసం పుట్టినదై ఉండాలి. అలాంటివి ఏరుకుంటూ ఆ పాత ఎమ్.జీ. కారుని ఏళ్ళ తరబడి కట్టాడు. ఆ ఏళ్ళన్నీ నేను వంటింట్లో ఓవెన్ తెరిస్తే కార్బురేటర్ కనిపించేది. పైకప్పు కారుతోందయ్యా అంటే, ఆ కారు కప్పు గుడ్డ కాలం నాటిది దొరకడం లేదని బాధపడేవాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత.

ఆ రోజే ఆ కారు మొదటిసారి బయటికొచ్చింది. ముదురాకుపచ్చ రంగు. బాగుంది, కాదనను. అందుకే ఇంకా మండింది నాకు.

నేను ఉప్పు కోసం లేచి కిటికీ దగ్గరికి వెళ్ళేసరికి డెస్మండ్ గొంతు వినిపించింది. కారులో ఎడమవైపు సీటు గురించి చెబుతున్నాడు. మా దేశంలో నడిపేవాళ్ళు కుడివైపు కూర్చుంటారు. ఎడమవైపుది పక్కన కూర్చునేవాళ్ళ సీటు.

"లియొనెల్ కారుది," అంటున్నాడు. "దొరకాల్సినవాటిలో చివరికి అదే మిగిలింది. ఎంత వెతికానో. పాత సామాన్ల సంతలో ఒక రైతు గొర్రె పిల్లని పడుకోబెట్టుకున్నాడు దానిమీద."

చుట్టూ ఉన్నవాళ్ళు తలకాయలు వంచి సీటుని చూశారు. ఒకాయన టోపీ కూడా తీశాడు.

"ఎవరీ లియొనెల్?" అని అడిగాను, క్లబ్బు కార్యదర్శి హెడ్లీ చెయ్యి కడుక్కోడానికి లోపలికొస్తే. ముసలాయన, మంచివాడు, అబద్ధం చెప్పడం చాతకాదు.

"పాత సభ్యుడమ్మా. మా నాన్న కాలంలో. ఇలాంటి చలికాలంలోనే, మంచు పొగలా కమ్మిన రోజు, కొండమీద దారి తప్పి రాళ్ళ క్వారీలోకి పోనిచ్చాడు. క్వారీ నిండా నీళ్ళు. పక్కన భార్య ఐవీ."

"చచ్చిపోయారా?"

"ఆవిడ సీట్లోనే కూర్చుని దొరికింది. ఆయన అసలు దొరకనే లేదు. కారుని పైకి లాగి ముక్కలు విప్పి, క్లబ్బువాళ్ళే పంచుకున్నారు. ఒకరికి దీపం, ఒకరికి చక్రం."

"అంటే ఆ సీటు ఐవీది."

హెడ్లీ ఆరిన చేతుల్నే మళ్ళీ తుడుచుకున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. సరాసరి బయటికి వెళ్ళి, అంతమంది ముందే అడిగాను.

"ఒక మనిషి చచ్చిన సీటు తెచ్చి బిగించావా?"

"గ్లెన్, మెల్లగా," అన్నాడు డెస్మండ్. "అది చరిత్ర. దానివల్లే కారుకి విలువ."

"చరిత్రా, నీ మొహమా."

మగవాళ్ళందరూ బూట్లు చూసుకున్నారు. పిచ్చి ముదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడట వెనకటికి ఒకడు. వీళ్ళు చుట్టుకోవడమే కాదు, ఆ రోకలి ఏ చెట్టుదని కూడా అడుగుతారు.

ఇక్కడ టెస్సా గురించి చెప్పాలి. మేం పెంచుకున్న పిల్ల. రెండేళ్ళప్పుడు లీడ్స్‌లో పిల్లల హోమ్ నుంచి తెచ్చుకున్నాం. దాచిందేం లేదు. దానికీ తెలుసు, ఊరికీ తెలుసు. కానీ ఆ మాట నా ముందు ఎవరూ రెండోసారి ఎత్తలేదు. ఒక క్రిస్మస్‌కి డెస్మండ్ మేనత్త, "ఎంతైనా సొంత రక్తం వేరులే," అంది. జగ్గులో గ్రేవీ ఆవిడ ఒళ్ళో పోశాను. వేడిగానే ఉంది. ఇప్పటికీ నాకు బాధ లేదు. అది నా కూతురు, అంతే.

టెస్సాకి ఆరో నెల. అల్లుడు ఉత్తర సముద్రంలో చమురు రిగ్గు మీద పనిచేస్తాడు, కాన్పుకి గాని రాడు. అందుకని పిల్ల మా దగ్గరే ఉంది. భోజనాలయ్యాక డెస్మండ్ దాని దగ్గరికొచ్చి, టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంటికి నాతో వస్తావా తల్లీ? మనిషిని ఎక్కించుకుని మొదటి ప్రయాణం. పక్కన ఎవరో ఒకరు కాదు, నువ్వే ఉండాలని."

"రాదు," అన్నాను నేను. "ఆ సీట్లో అసలే రాదు."

"అమ్మా, నాన్న మొహం చూడు," అంది టెస్సా నవ్వుతూ. "పావుగంట దారి. నువ్వు వెనకాలే వస్తావుగా."

నేను చాలా అన్నాను. చెవిటివాడి ముందు శంఖం. కడుపుతో ఉన్న పిల్ల, వంగి, పొట్ట పట్టుకుని, ఆ చిన్న తలుపులోంచి ఆ తోలు సీట్లోకి దిగింది. మెడకి నా ఊలు స్కార్ఫు చుట్టాను. సీటుకి చెయ్యి తగిలింది. లోపల తిరుగుతున్న ఇంజను వేడికి అన్నీ వెచ్చగా ఉన్నాయి, ఆ తోలు ఒక్కటీ చల్లగా ఉంది. డెస్మండ్ నావైపు చూసి కన్ను కొట్టాడు. ఒళ్ళు తెలియని ముసలాడు.

నవంబరులో సాయంత్రం నాలుగైతే మా కొండల్లో చీకటే. నేను నా చిన్న కారులో, హీటర్ వేసుకుని, వాళ్ళ వెనక రెండు ఎర్ర దీపాలు చూసుకుంటూ పోతున్నాను. లోయలో ఉన్నంతసేపూ బాగానే ఉంది. హార్క్‌స్టన్ ఎత్తు ఎక్కేసరికి మంచు దిగింది. పైన చెట్టూ లేదు, ఇల్లూ లేదు. రెండువైపులా రాళ్ళ గోడలు, అవతల బీడు. మంచు కారు అద్దానికి తడిబట్టలా అంటుకుంది. కిటికీ కాస్త దించాను. గొర్రెల వాసన, తడి గడ్డి వాసన. ముందు డెస్మండ్ కారు శబ్దం ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా వినిపిస్తోంది.

ఉన్నట్టుండి ఆ ఎర్ర దీపాలు ఇంకా ఎర్రబడ్డాయి. డెస్మండ్ ఆగాడు.

అతని ముందు రోడ్డు పక్కన ఇంకో కారు ఉంది. అలాంటిదే. అదే రంగు. బానెట్ ఎత్తి ఉంది.

ఈ మనుషులకి ఒక ఆచారం ఉంది. దారిలో పాత కారు బానెట్ ఎత్తి కనిపిస్తే ఆగకుండా పోకూడదు. పెళ్ళాం నొప్పులు పడుతున్నా సరే ఆగాలి. దిగాలి, అడగాలి, డిక్కీలో ఉన్న భాగం ఏదైనా అవతలివాడికి సరిపోతే ఇచ్చెయ్యాలి. తిరిగి అడక్కూడదు. మామూలు కారుకి మంటలంటుకున్నా వీళ్ళు తల తిప్పరు గాని, పాత కారు దగ్గితే చాలు, నలుగురు దిగుతారు.

కడుపుతో ఉన్న పిల్లని చలిలో కూర్చోబెట్టి దిగాడు డెస్మండ్. తిడదామని నేనూ దిగాను.

బానెట్ వెనక ఒక మనిషి నిలబడి ఉన్నాడు. పొడుగు ఊలు కోటు, తలమీద చదును టోపీ. కోటు అంచుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. మంచు తడి అనుకున్నాను. పెట్రోలు వాసన వేసింది. దాని కింద ఇంకేదో వాసన, ఏళ్ళ తరబడి కదలని నీళ్ళది.

"ఏమైంది గురూ?" అన్నాడు డెస్మండ్.

"పెద్దగా ఏం లేదు." అతని గొంతు గుసగుస కంటే పైకి లేవలేదు. "ఒక భాగం తక్కువైంది."

"నా దగ్గర ఉంటుందేమో చూద్దాం. అబ్బ, ఎంత బాగుంది మీ బండి. రంగు అప్పటిదేనా?"

"అప్పటిదే. మీది?"

అంతే. డెస్మండ్ మొహం వెలిగిపోయింది. ఎవరైనా ఆ ఒక్క ప్రశ్న అడిగితే చాలు, ప్రాణం తీసి చేతిలో పెడతాడు.

"ఒక్క స్క్రూ కూడా కొత్తది కాదు. అన్నీ అసలువే."

"ఆ ఎడమవైపు సీటు?"

"దానికైతే పెద్ద కథ ఉంది," అని మొదలుపెట్టాడు. లియొనెల్, ఐవీ, క్వారీ, గొర్రెపిల్ల, అన్నీ. ఆ మనిషి తల వంచుకుని విన్నాడు. నేను అతని కారులోకి చూశాను. కుడివైపు ఒక్క సీటే ఉంది. ఎడమవైపు ఖాళీ. వట్టి నేల, అందులో నాలుగు బోల్టు రంధ్రాలు, నిలిచిన నల్లటి నీళ్ళు.

"డెస్మండ్, పద," అన్నాను. వినలేదు.

"అందులో కూర్చున్నది?" అని అడిగాడు ఆ మనిషి, తల ఎత్తకుండానే.

"మా అమ్మాయి."

"అసలుదేనా?"

డెస్మండ్ నవ్వాడు. వీళ్ళ జోకులు ఇలాగే ఉంటాయి, పెళ్ళాన్ని కూడా మోడల్ సంవత్సరం చెప్పి పరిచయం చేస్తారు. "అసలుదే. మా ఇంట్లో తయారైందే. బండితో పాటే వస్తుంది, విడిగా ఇవ్వం."

"సంతోషం," అన్నాడు ఆ మనిషి.

"నోరు ముయ్యి డెస్మండ్," అన్నాను నేను. "పిల్లని వస్తువులా మాట్లాడతావేంటి? వెళ్ళి కారెక్కు. నువ్వెవరో గాని బాబూ, నీ పని నువ్వు చూసుకో."

ఆ మనిషి టోపీ అంచు ముట్టుకుని నాకు మర్యాద చేశాడు. బానెట్ దించాడు. చప్పుడు రాలేదు. కారెక్కి, ముందు అతనే కదిలాడు. పాడైన బండి ఎలా కదిలిందని అడగడానికి కూడా డెస్మండ్‌కి తోచలేదు. చెయ్యి ఊపి, అతని వెనకే పోనిచ్చాడు. వాళ్ళ వెనక నేను.

ఇప్పుడు నా ముందు రెండు జతల ఎర్ర దీపాలు. మంచు చిక్కబడింది. ఒకసారి నాలుగూ కనిపిస్తాయి, ఒకసారి రెండే. ఎవరివి ఏవో తెలియదు. క్వారీకి పోయే మట్టిదారి చీలే చోట ఒక జత ఎడమకి తిరిగింది. ఒక జత తిన్నగా పోయింది. డెస్మండ్ ఎంత పిచ్చివాడైనా క్వారీ వైపు తిరగడు కదా. నేను తిన్నగా పోయాను.

కాస్త దూరంలో, మా ఊరి దిగుడు దగ్గర, డెస్మండ్ కారు ఆగి ఉంది. ఇంజను తిరుగుతోంది. అతను స్టీరింగ్ పట్టుకుని ముందుకి చూస్తున్నాడు.

పక్కన టెస్సా లేదు.

సీటూ లేదు.

"టెస్సా ఏది?" అన్నాను.

నావైపు తిరిగాడు. నిద్రలోంచి లేచినవాడి చూపు. "నీతో కదా వస్తోంది."

"నీ పక్కన కూర్చుంది. నేను చూశాను. నేనే స్కార్ఫు కట్టాను."

"ఎక్కడ కూర్చుంటుంది గ్లెన్?" అన్నాడు నెమ్మదిగా. "ఈ కారుకి ఎడమవైపు సీటు ఎప్పుడుంది? దొరకలేదుగా. ఇన్నేళ్ళ నుంచీ దానికోసమే కదా వెతుకుతున్నాను..."

కారులోకి వంగి చూశాను. నాలుగు బోల్టు రంధ్రాలు. వాటి చుట్టూ తడి.

చెంప మీద కొట్టాను. ముప్ఫై ఏళ్ళ కాపురంలో మొదటిసారి. అతను చెయ్యి కూడా ఎత్తలేదు. ఆ మొహంలోకి చూస్తే ఇక్కడ నిలబడి ప్రయోజనం లేదని అర్థమైంది. కారు వెనక్కి తిప్పాను. ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు, ఆ ఎత్తున ఎప్పుడూ ఉండదు. క్వారీ దారిలోకి దూకించాను. రాళ్ళు కింద తగిలి కారు కేకలు పెడుతోంది. నేనూ పెడుతున్నాను. డెస్మండ్‌ని తిట్టాను, హెడ్లీని తిట్టాను, ఆ కార్లు కనిపెట్టినవాణ్ణి తిట్టాను. తిట్టడం ఆపితే భయం వేస్తుందని తెలుసు. అందుకే ఆపలేదు.

ఎప్పుడూ గొలుసు వేసి ఉండే క్వారీ గేటు తెరిచి ఉంది.

నా కారు లైట్లు మంచులో పడి అక్కడే ఆగిపోయాయి. దిగాను. గులకరాళ్ళు. నిశ్శబ్దం. లేదు... నిశ్శబ్దం కాదు. ఇంజను. చాలా మెల్లగా, పిల్లి గురకలా...

నీళ్ళ అంచున ఉంది కారు. ముందు చక్రాలు రాతి చివర మీద.

ఎడమవైపు సీట్లో టెస్సా.

నిటారుగా కూర్చుంది. చేతులు ఒళ్ళో. మోకాళ్ళ మీద గళ్ళ కంబళి, నీళ్ళు ఓడుతోంది. నేను కట్టిన స్కార్ఫు మెడకి లేదు. తలకి వేరే రుమాలు కట్టి ఉంది, పట్టుది, పూలది.

"టెస్సా."

తిరగలేదు.

"కాస్త మంచుగా ఉంది లియొనెల్," అంది. టెస్సా నోరే. గొంతు టెస్సాది కాదు. "నెమ్మదిగా పోనియ్యి..."

తలుపు పిడి పట్టి లాగాను. కదల్లేదు. టెస్సా చెయ్యి పట్టుకున్నాను. కుళాయి నీళ్ళంత చల్లగా ఉంది. కోపం వచ్చింది, అది నాకు పుట్టుకతో ఉన్నదే, ఎక్కడికీ పోదు. పిడికిలి బిగించి బానెట్ మీద గుద్దాను.

స్టీరింగ్ వెనక ఆ మనిషి ముడుచుకుపోయాడు. "రంగు, మేడమ్," అన్నాడు గుసగుసగా. "రంగు... గీసుకుపోతుంది."

"నా కూతుర్ని దించు."

"మీవారు ఇచ్చారు."

"నోటికొచ్చింది వాగాడు. అతనికి బుద్ధి లేదు."

"అడిగి తీసుకున్నాను. అసలుదేనన్నారు. బండితో పాటే అన్నారు." చాలా మర్యాదగా చెబుతున్నాడు. చేతిలో గుడ్డతో స్టీరింగ్ ముందున్న గడియారం అద్దం తుడుస్తున్నాడు. అద్దం లోపలంతా నీళ్ళు. "అసలుది కాకపోతే నేను ముట్టుకునేవాణ్ణే కాదు, మేడమ్. నకిలీలు నాకు పడవు."

గేరు మీద చెయ్యి వేశాడు. ముందు చక్రాల కింద నుంచి ఒక రాయి జారింది... నీళ్ళలో పడ్డ చప్పుడు రాలేదు.

ఏం చెబితే దించుతాడో నాకప్పుడు తెలిసింది.

డెస్మండ్ సంతల్లో ఎంత ముద్దు చేసి పట్టుకున్న దీపాన్నైనా, అది వేరేచోట తయారైందని తెలిసిన క్షణం ఎలా పారేస్తాడో నేను ఏళ్ళ తరబడి చూశాను. ఇతనూ ఆ జాతే. ఒక్క మాట అంటే చాలు. ఆ ఒక్క మాట ఎవరన్నా అంటే నేను కొట్టడానికి వెళ్ళేదాన్ని. ఇప్పుడు నేనే అనాలి. పిల్ల ముందు.

"అది అసలుది కాదు," అన్నాను.

గుడ్డ ఆగింది.

"నేను కనలేదు. మా ఆయనకి పుట్టలేదు. ఎవరు కన్నారో మాకు తెలీదు. లీడ్స్‌లో హోమ్ నుంచి తెచ్చుకున్నాం. ఒంట్లో మా రక్తం చుక్క లేదు." అయినా అతను ఇంకా చూస్తున్నాడు, చాలలేదు. "నా కూతురు కాదు."

టెస్సా తల తిరిగింది. మెల్లగా నావైపు చూసింది. ఆ కళ్ళు మాత్రం దానివే.

ఆ మనిషి మొహంలో ఏం మారిందో నాకు బాగా తెలుసు. మా ఇంట్లో ఎన్నోసార్లు చూసిన చూపే. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు, అంటుకోకూడనిది అంటుకున్నట్టు.

"ముందే చెప్పాల్సింది మేడమ్."

పిడి తిరిగింది. టెస్సా చంకల్లో చేతులు పెట్టి లాగాను. ఇద్దరం గులకరాళ్ళ మీద పడ్డాం. పూల రుమాలు దాని తలమీద లేదు. పిల్ల వణుకుతోంది, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, పొట్ట చుట్టూ చేతులు వేసుకుంది.

లేవబోతూ తల ఎత్తాను. అతను ఇంకా చూస్తున్నాడు. టెస్సా మొహం వైపు కాదు. చేతుల వైపు.

"అది?" అన్నాడు.

నేను టెస్సాకి అడ్డంగా జరిగాను.

"అది... లోపలే తయారవుతోంది కదా."

జీవితంలో ఎప్పుడూ లేనిది, నా నోట్లో మాట లేకపోయింది.

"అంటే అసలుదే," అన్నాడు. చీకట్లో నవ్వాడో లేదో తెలియదు. "పర్వాలేదు. తయారవనివ్వండి. ఇలాంటివాటికి తొందర కూడదు, మేడమ్. ఆగేవాడికే మంచివి దొరుకుతాయి."

టోపీ అంచు ముట్టుకున్నాడు. కారు ముందుకి కదిలింది. రాతి చివర దాటింది. నేను చెవులు మూసుకున్నాను. అవసరం లేకపోయింది. ఏ చప్పుడూ కాలేదు. పెట్రోలు వాసన కాసేపుండి పోయింది.

నా కారులో హీటర్ పెంచి, కోటు పిల్ల మీద కప్పి, దిగువకి తీసుకొచ్చాను. ఊరి దీపాలు కనిపించాక టెస్సా నోరు విప్పింది.

"అమ్మా, విన్నాను."

"ఏం విన్నావు?"

"నువ్వన్నది. ఎందుకన్నావో కూడా తెలుసు." నా చేతి మీద చెయ్యి వేసింది. ఇప్పుడు వెచ్చగా ఉంది. "అయినా మళ్ళీ ఎప్పుడూ అనకు."

అననని చెప్పాను. ఆ లియొనెల్ నాచేత ఆ మాట అనిపించినందుకు నాకున్న కోపం ఇప్పటికీ చల్లారలేదు. చల్లారదు కూడా.

డెస్మండ్ ఆ రాత్రి వంటింట్లో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఉదయానికి అతనికి అన్నీ గుర్తొచ్చాయి, తను వేసిన జోకుతో సహా. నేను ఓదార్చలేదు. పోలీసులు క్వారీలో గాలించారు, ఏమీ దొరకలేదు. సీటు మళ్ళీ కనిపించలేదు. మా ఆయన షెడ్డుకి తాళం వేసి తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

సంగతి హెడ్లీకి చెప్పాం. ఆయన ఒకరికి, ఆ ఒకరు పదిమందికి చెప్పారు. నెల తిరక్కుండా ఫోన్లు మొదలయ్యాయి. లియొనెల్ వచ్చి సీటు పట్టుకుపోయిన కారు ఇదేనా, అమ్ముతారా? సీటు బిగించొద్దండీ, ఆ నాలుగు రంధ్రాలు అలాగే ఉంచండి, వాటికే విలువ అన్నాడొకడు. వాడికి నేను చెప్పిన జవాబు రాయడానికి లేదు.

ఫిబ్రవరిలో మనవరాలు పుట్టింది. మేబెల్. నల్ల జుట్టు, గట్టి గొంతు. గొంతు నాదే అంటారు అందరూ, ఎలా వస్తుందో గాని. అల్లుడు రిగ్గు మీద పని మానేసి ఇంటికొచ్చేశాడు. చలికాలమంతా పిల్ల ఏ గదిలో ఉంటే ఆ గదిలో ఎవరో ఒకరం ఉన్నాం. మంచు పడిన రోజు బయటికి తీసుకెళ్ళలేదు. కారు చప్పుడు ఎక్కడ విన్నా నేను కిటికీ దగ్గర ఉన్నాను.

మొన్న ఏప్రిల్లో మొదటి మంచి ఎండ. మధ్యాహ్నం. ఆకాశంలో మబ్బు ముక్క లేదు. పిల్లకి గాలి తగలాలని పెరట్లో, వంటింటి కిటికీ కిందే, పసిపిల్లల తోపుడు బండిలో పడుకోబెట్టాం. పెరటి గేటుకి తాళం. నేను కిటికీలో నిలబడి క్యారెట్లు తరుగుతున్నాను. బండి నా కళ్ళ ముందే ఉంది. పాలు పొంగితే ఒక్కసారి వెనక్కి తిరిగాను.

పిల్ల నవ్వు వినిపించింది.

వెళ్ళి చూశాను. మేబెల్ హాయిగా ఉంది. కాళ్ళు ఆడిస్తోంది. దుప్పటి కాళ్ళ దగ్గరికి మడిచి ఉంది, మడత మీద మడత, ముడత లేకుండా. మేజోళ్ళు రెండూ తీసి దిండు పక్కన జతగా పెట్టి ఉన్నాయి. గేటుకి తాళం అలాగే ఉంది.

ఎడమ మడమ మీద పసుప్పచ్చటి చుక్క. బఠాణీ గింజంత. గుండ్రంగా, శ్రద్ధగా పెట్టినది. జామ్ అనుకున్నాను. టెస్సా పెట్టిందేమో అనుకున్నాను. టెస్సా స్నానానికి వెళ్ళింది, అల్లుడు బజారుకి వెళ్ళాడు. డెస్మండ్‌ని పిలిచాను.

వచ్చాడు. పిల్ల పాదం చేతిలోకి తీసుకున్నాడు. అలాగే గడ్డిలో మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"ఏంటది?" అన్నాను.

పాదాన్ని ఎండవైపు తిప్పి చూశాడు.

"ఆ రోజుల్లో... ఫ్యాక్టరీలో... కారులో బిగించే ముందు ప్రతి భాగాన్నీ ఒకడు తనిఖీ చేసేవాడు. లోపం లేకపోతే ఇలా ఒక చుక్క పెట్టేవాడు."

"లోపం లేదని?"

"సిద్ధంగా ఉంది, బిగించుకోవచ్చని."

నేను బొటనవేలితో ఆ చుక్కని తుడిచాను. నా వేలికి అంటుకుంది. రంగు ఇంకా ఆరలేదు.